పడవెక్కే ముందు జేజి అడిగిన మాట

నా చిన్నప్పుడు ఒక దసరా సెలవులకు ముందు, పదిహేను రోజుల పాటు మా ఇంట్లో పడవ మాట తప్ప ఇంకో మాట లేదు. ఆళ్ళగడ్డలో మాది రాతిశిల్పాలు చెక్కే వీధికి వెనక సందు. తెల్లారిన దగ్గర్నుంచి ఉలి దెబ్బలు వినబడే ఆ సందులో పడవను కళ్ళారా చూసినవాడు మా చిన్నాయన ఒక్కడే. ఆయన లారీ నడిపేవాడు. చేపల లోడు కోసం కొత్తపల్లె దిక్కు పోయినప్పుడల్లా కృష్ణ ఒడ్డున ఆగేవాడు. శ్రీశైలం దగ్గర ఆనకట్ట కట్టాక నీళ్ళు వెనక్కి తన్ని, అక్కడ ఊళ్ళకు ఊళ్ళే మునిగి, చూపు ఆనేంత దూరం నీళ్ళే నిలిచిపోయాయి. ఆ నీళ్ళను వెతుక్కుంటూ సముద్రం దిక్కు నుంచి జాలర్లు వచ్చి ఒడ్డున గుడిసెలు వేసుకున్నారు. వాళ్ళలో ఒకాయనకు తెరచాప పడవ ఉంది. పిల్లల్ని తీసుకొస్తే రెండు రోజులు నీళ్ళ మీద తిప్పి చూపిస్తానని ఆయన మా చిన్నాయనకు మాట ఇచ్చాడు.

చిన్నాయన ఆ మాట ఇంటికి తెచ్చి మా మధ్య పడేసేసరికి ఇల్లు ఇల్లంతా లేచి నిలబడింది. పొద్దున పడవెక్కాలి. మధ్యాహ్నానికి నీళ్ళ నడుమ ఉన్న గుట్ట దగ్గర దిగి వండుకోవాలి. అక్కడే జాలర్ల పాకలో పడుకుని, మర్నాడు మళ్ళీ పడవలోనే వెనక్కి రావాలి. పిల్లలం ముగ్గురం: తొమ్మిదేళ్ళ నేను, ఐదేళ్ళ మా తమ్ముడు, చిన్నాయన కూతురు ఏడేళ్ళ చెల్లి. అమ్మకు అప్పుడు ఏడో నెల. నాయన చేను వదిలి రాలేనన్నాడు. చిన్నమ్మ ఇంట్లో అమ్మకు తోడు ఉండాలి. ఈ పిల్లల్ని ఒక్క మగవాడి చేతుల్లో పెట్టి నీళ్ళ మీదికి పంపడం జరగని పని అని మా జేజి, అంటే మా నాయన తల్లి, తనే బయలుదేరింది.

జేజి ఏ పనికైనా ముందు కూర్చొని ఆలోచించే మనిషి. పెళ్ళికి పోయినా, పక్కూరికి చెనక్కాయలు పెరకడానికి పోయినా, ఏం మర్చిపోతాం, ఏం తక్కువపడుతుంది అని ముందే అనుకునేది. ఈసారి మమ్మల్ని అందరినీ సాయంత్రం మిద్దె మీదికి పిలిచింది. ఆమె ముందు చాటలో చెనక్కాయలు ఉన్నాయి. వాటిని ఒలుస్తూ, తల ఎత్తకుండా అడిగింది.

"పడవెక్కే ముందర ఒక మాట. ఎవరికి ఏం భయమో చెప్పండి. ఊరికే గాదు. చెప్తే దానికి ఏం చేయాల్నో జూస్తా."

మాకు నవ్వొచ్చింది. పండక్కి ఏం కావాలి అని అడిగే పెద్దవాళ్ళను చూశాం గాని, ఏం భయం అని అడిగేవాళ్ళను చూడలేదు. ముందుగా మా తమ్ముడు నోరు విప్పాడు. తను నీళ్ళలో పడితే ఎవరూ చూడరేమోనని వాడి భయం. జేజి నవ్వలేదు. అటక మీద ఎండిన సొరకాయ బుర్రలు ఉంటే రెండు దింపించి, వాటిని తాడుతో వాడి వీపుకు కట్టి చూసింది. అవి కట్టుకుంటే నువ్వు మునగవని చెప్పింది. ఎంత దూరం నుంచైనా కనపడేలా బుర్రలకు ఎర్రగుడ్డ చుట్టింది. వాడు ఆ బుర్రలు విప్పకుండానే అన్నం తిన్నాడు.

చెల్లి చాలాసేపు గొణిగి, చివరికి జేజి చెవిలో చెప్పింది. పడవలో ఒంటికి వస్తే ఎట్లా అని. జేజి మూత ఉన్న డబ్బా ఒకటి, అడ్డం పట్టడానికి పాత చీర ఒకటి మూటలో పెట్టింది. చిన్నాయన తనకు వాళ్ళమ్మ తప్ప లోకంలో ఇంకేం భయం లేదని నవ్వాడు. జేజి ఆయన ముఖం చూస్తూ ఉండిపోయేసరికి, గాలి అంటే కొంచెం అనుమానమని ఒప్పుకున్నాడు. అయితే పడవాయన గాని, జేజి గాని 'వెనక్కి' అంటే ఎదురు మాట్లాడకుండా వెనక్కి తిరగాలని ఆయన చేత ఒట్టు పెట్టించుకుంది. తన భయం కూడా చెప్పింది. ముగ్గురు పిల్లల్లో ఎవరినైనా గమనించక వదిలేస్తానేమో అని.

నా వంతు వచ్చింది.

"నాకేం భయం లేదు" అన్నాను.

"ఏం లేదా?"

"లేదు."

"బాగా తలకాయ పెట్టి చూసుకో పాపా."

"లేదంటి కదా జేజీ!"

చాటలో జేజి చేతులు మళ్ళీ కదిలాయి.

నేను చెప్పింది పచ్చి అబద్ధం. అంతకు ముందు ఎండాకాలంలో రుద్రవరం దారిలో ఉన్న మా చేనిలో, పిల్లలు దిగకూడదని చెప్పిన మెట్ల బావిలోకి నేను ఒక్కదాన్నే దిగాను. నీళ్ళలో చిన్న చేపలు కనబడితే దోసిట్లో పట్టుకుందామని. ఆఖరు మెట్టు మీద పాచి. కాలు జారింది. ఎంతసేపు మునిగానో తెలియదు గాని, చెవుల్లో ఒక హోరు, కళ్ళ ముందు పచ్చటి చీకటి, నోట్లోకి ఎక్కడెక్కడి నుంచో నీళ్ళు. చేయి ఏదో రాయికి తగిలింది. దాన్ని పట్టుకుని పైకి పాకాను. బట్టలు ఆరేదాకా జొన్నచేలో దాక్కుని, ఏమీ జరగనట్టు ఇంటికి వచ్చాను. చెప్తే దెబ్బలు పడతాయని ఎవరికీ చెప్పలేదు. అప్పట్నుంచి తల మీద చెంబు నీళ్ళు పోస్తే నాకు ఊపిరి ఆడేది కాదు. అమ్మ తలంటి పోసేటప్పుడు ఏడుస్తూ దూరం జరిగితే, కుంకుడు రసం కళ్ళలో పడుతుందని ఏడుస్తున్నాననుకునేది.

పిల్లలందరిలోకి నేనే పెద్ద. బడిలో పడవెక్కబోతున్నానని అందరికీ చెప్పుకున్నాను. ఐదేళ్ళవాడు, ఏడేళ్ళది కూర్చుని వింటుండగా, చిన్నాయన నవ్వు ముఖంతో చూస్తుండగా, నాకు నీళ్ళంటే భయమని ఎలా చెప్పేది? చెప్పలేదు. చెప్పలేదు కాబట్టి నా కోసం మూటలోకి ఏదీ చేరలేదు. ఆ పదిహేను రోజులూ తమ్ముడి బుర్రలను, చెల్లి డబ్బాను చూసినప్పుడల్లా నాకు అన్నం తినబుద్ధి అయ్యేది కాదు. అమ్మ అది సంబరం అనుకుంది.

బయలుదేరే రోజు తెల్లవారుజామునే బస్సెక్కాం. శిరివెళ్ల దాటేసరికి పొద్దు పొడిచింది. నంద్యాలలో బస్సు మారాం. జేజి ఒళ్ళో జొన్నరొట్టెల మూట, చిన్నాయన భుజాన బియ్యం, గిన్నెలు, బొరుగుల సంచి. తమ్ముడు బుర్రలు విప్పనంటే విప్పనన్నాడు. బస్సులో జనం వాడిని చూసి నవ్వుతుంటే వాడు కూడా వాళ్ళతో కలిసి నవ్వాడు. నేను కిటికీ పక్కన కూర్చుని, ఈ బస్సు ఎక్కడైనా ఆగిపోతే బాగుండు, టైరు పగిలితే బాగుండు, వాన వస్తే బాగుండు అని ప్రతి ఊరి దగ్గరా అనుకున్నాను. టైరు పగల్లేదు. వాన రాలేదు.

కొత్తపల్లె నుంచి ఎడ్లబండి మీద పోయి మిట్ట ఎక్కేసరికి కింద నీళ్ళు కనబడ్డాయి. నేను అనుకున్నది ఒక పెద్ద చెరువు. కనబడింది మాత్రం ఇంకొకటి. అవతలి ఒడ్డు లేదు. అది ఉండాల్సిన చోట కొండలు నీలంగా, అడుగులు తెగిపోయినట్టు నీళ్ళ మీద నిలబడి ఉన్నాయి. గాలికి నీళ్ళ మీద ముడతలు పడి, అవి మా వైపే నడిచి వస్తున్నట్టు అనిపించింది. చెల్లి చప్పట్లు కొట్టింది. నేను బండి చెక్కను రెండు చేతులతో పట్టుకున్నాను.

పడవాయన నల్లగా, సన్నగా, ఏ వయసో చెప్పలేనట్టు ఉన్నాడు. మాట మెత్తన. ఎరువుల సంచులు విప్పి ఒకదానికొకటి కుట్టిన తెరచాపను చూపించి, ఇది గాలిని తాగి పడవను లాగుతుందని పిల్లలకు చెప్పాడు. ఎక్కే ముందు ఒక్కొక్కరినీ ఏ చెక్క మీద కూర్చోవాలో అక్కడ కూర్చోబెట్టాడు.

"ఏటైనా సరే, నెగవొద్దు. పడవ వొరిగినా నెగవొద్దు. వొరగడం దాని పని. కూకోవడం మన పని" అన్నాడు.

నెగవొద్దంటే లేవద్దని చిన్నాయన మాకు విడమర్చి చెప్పాడు. నేను తల ఊపాను.

మొదటి గంట బాగానే గడిచింది. నాకు తప్ప అందరికీ బాగానే గడిచింది అనాలి. పడవ అడుగున రెండు చెక్కల సందులోంచి నీళ్ళు ఊరుతుంటే పడవాయన మధ్య మధ్యలో డబ్బాతో తోడి బయట పోసేవాడు. ఆయనకు అది చెమట తుడుచుకున్నంత మామూలు పని. నాకు మాత్రం నా కాళ్ళ దగ్గర ఊరే ఆ నీళ్ళు తప్ప ఇంకేం కనబడలేదు. డబ్బాతో తోడేలోపల మళ్ళీ ఎంత ఊరిందో చూసుకుంటూ కూర్చున్నాను. కొంగలు ఎగిరాయట, పెద్ద చేప ఒకటి నీళ్ళలోంచి లేచి పడిందట. అవన్నీ తర్వాత చెల్లి చెప్తే విన్నాను. జేజి పడవ నడుమ కూర్చుని, ఒక చేత్తో తమ్ముడి నడుముకు కట్టిన తాడును, ఇంకో చేత్తో చెల్లి పరికిణీ అంచును పట్టుకుంది. రెండు చేతులూ నిండిపోయాయి. నేను ఎదురు చెక్క మీద ఉన్నాను.

పొద్దు నడినెత్తికి వస్తున్నప్పుడు గాలి మారింది. అంతసేపూ వెనక నుంచి మెల్లగా తోసిన గాలి, కొండల సందులోంచి పక్కగా ఒక్కసారి కొట్టింది. తెరచాప టప్పున చప్పుడు చేసి నిండింది. పడవ నేను కూర్చున్న వైపుకు ఒరిగింది. నా మోచేతికి నీళ్ళు తగిలాయి.

అంతే. బావి తిరిగి వచ్చింది. చెవుల్లో అదే హోరు. పడవాయన ఏదో అరుస్తున్నాడు, అది నాకు మాటలుగా వినబడలేదు. నేను లేచాను. లేచి, ఎత్తుగా ఉన్న అవతలి వైపుకు, జేజి ఉన్న వైపుకు దూకి, ఆమె మెడను రెండు చేతులతో పట్టుకున్నాను. నా బరువుకు జేజి వెనక్కి పడింది. తమ్ముడి తాడు ఆమె చేతిలోంచి జారింది. పడవ అటు ఊగి, ఇటు ఊగి, అంచు మీదుగా నీళ్ళు ఒక్క ఉదుటున లోపలికి వచ్చాయి. మళ్ళీ నిలదొక్కుకున్నప్పుడు పడవలో తమ్ముడు లేడు.

జేజి అరిచిన అరుపు నేను ఇంతవరకు ఇంకెవరి నోటా వినలేదు. అది వాడి పేరు కూడా కాదు. ఉత్త అరుపు.

పడవాయన అప్పటికే తెరచాప తాడు వదిలేశాడు. తెరచాప కిందికి జారి చెల్లి మీద పడింది. గుడ్డ కింద నుంచి దాని ఏడుపు. చిన్నాయన నీళ్ళలోకి దూకాడు. నేను కళ్ళు మూసుకున్నాను. ఎవరిదో గొంతు వినబడితే తెరిచాను. అదిగో, అదిగో అన్నది జేజి. పది బారల దూరంలో నీళ్ళ మీద ఎర్రగుడ్డ. రెండు బుర్రల నడుమ తమ్ముడి తల. వాడు దగ్గుతున్నాడు. దగ్గుతున్నాడంటే ఊపిరి ఉన్నట్టే. చిన్నాయన ఈదుకుంటూ పోయి వాడిని పట్టుకున్నాడు. పడవాయన గడ చాచి ఇద్దరినీ లాగాడు. వాడిని పడవలో వేసి, బోర్లా తిప్పి వీపు మీద చరిస్తే నీళ్ళు కక్కి, ఆ తర్వాతే ఏడవడం మొదలుపెట్టాడు. ఆ ఏడుపు వినగానే జేజి మెడ నుంచి నా చేతులు వాటంతట అవే ఊడిపోయాయి.

చిన్నాయన నీళ్ళు కారుతున్న ముఖంతో నా మీదికి వచ్చాడు.

"ఏం పుట్టిందే నీకు? లేవొద్దని చెప్తే ఎందుకు లేచ్చివి? తమ్ముణ్ణి సంపాలనుకుంటివా?"

నా పళ్ళు ఒకదానికొకటి కొట్టుకుంటున్నాయి. ఆయన చెయ్యి ఎత్తాడు. ఆ దెబ్బ పడితే బాగుండు అని కూడా అనుకున్నాను.

"చెయ్యి దించు రా. తప్పు ఆ పాపది గాదు, నాది" అన్నది జేజి. తర్వాత పడవాయన వైపు తిరిగి, "వెనక్కి అప్పా" అన్నది.

చిన్నాయన గుట్ట ఇంకా ఎంతో దూరం లేదన్నాడు. అక్కడికి పోతే పిల్లల బట్టలు ఆరబెట్టుకోవచ్చన్నాడు. ఆ మాట సగంలో ఆపేశాడు. ఒట్టు గుర్తొచ్చినట్టుంది. పడవాయన తెరచాపను పైకెత్తకుండా, తెడ్డు వేసుకుంటూ దగ్గర్లో ఉన్న ఒడ్డుకు పడవను చేర్చాడు.

ఒడ్డుకు కాళ్ళు ఆనగానే నేను కూలబడ్డాను. అక్కడి నుంచి జాలర్ల గుడిసెల దగ్గరికి ఇంకా రెండు మైళ్ళు. మళ్ళీ పడవ ఎక్కాలి అన్నారు. నేను లేవలేదు. మొండితనం కాదు, నా కాళ్ళు నా మాట వినలేదు. చిన్నాయన ఎత్తుకుని కూర్చోబెడతానన్నాడు. ఆయన నా చేయి పట్టుకోగానే నాకు తెలియకుండానే పరికిణీ తడిసిపోయింది. చెల్లి చూసింది, తల తిప్పుకుంది. జేజి కూడా చూసింది. కొడుకుతో, ఆ చిన్నపిల్లలిద్దరినీ తీసుకుని నువ్వు పడవలో ఒడ్డు వెంబడే పో, నేనూ పాపా నడిచి వస్తాం అన్నది.

అలా ఇద్దరం నడిచాం. రాళ్ళు, కంపచెట్లు, ఎండ. మా పక్కనే, కేకేస్తే వినబడేంత దగ్గర్లో, పడవాయన గడ వేసుకుంటూ పడవను మా నడకతో సమానంగా నడిపాడు. మేం ఆగితే ఆయనా ఆగేవాడు. నేను నీళ్ళ వైపు చూడకుండా జేజి చీర కొంగు పట్టుకుని నడిచాను. తిడుతుందేమోనని నేను చూశాను. తిట్టలేదు. ఒక చోట నీడ కనబడితే కూర్చుని, కాల్లో దిగిన ముల్లు పీక్కుంటూ మొదలుపెట్టింది.

"ఆ దినం మిద్దె మీద నేను గూడా అబద్ధమే చెప్తి పాపా."

నేను తల ఎత్తాను.

"మిమ్మల్ని గమనించకుండా పోతానేమోనని భయం అంటి కదా. అది గాదు. నీళ్ళు జూస్తేనే నాకు కాళ్ళల్లో సత్తువ ఉండదు. నిన్నట్నుంచి మెతుకు ముట్టలే నేను. పెద్దదాన్ని, నేనే భయం అంటే మీరు యాడ ఎక్కుతారులే అని కడుపులో పెట్టుకుంటి. అందరి ముందర కూచోబెట్టి నీకేం భయం అని అడిగితే నేనే చెప్పలేకపోతి. తొమ్మిదేండ్ల పిల్లవి, నువ్వెట్ల చెప్తావ్? అడగడం నాకే రాలేదు. అదీ నా తప్పు."

నాకు ఏడుపు వచ్చింది. ఏడుస్తూనే బావి సంగతి మొత్తం చెప్పాను. చేపలు, పాచి, పచ్చటి చీకటి, జొన్నచేలో బట్టలు ఆరేదాకా కూర్చోవడం, తలంటు పోసుకునేటప్పుడు ఊపిరి ఆడకపోవడం. చెప్తున్నంతసేపూ ఆమె కన్ను నా ముఖం మీది నుంచి తిప్పలేదు. మధ్యలో ఆపి, ఎందుకు దిగావు అని అడగలేదు. అంతా అయ్యాక అడిగింది ఒక్కటే.

"ఆ రాయి చేతికి తగలకపోయింటే?"

అడిగి, జవాబు కోసం ఆగకుండా నన్ను దగ్గరికి లాక్కుని, అలా చాలాసేపు పట్టుకుంది. ఆమె ఒళ్ళంతా వణికింది. అంతదాకా వణుకు నా ఒక్కదానిదే అనుకున్నాను. నీళ్ళలో పడవాయన, మేం లేచేదాకా గడను నేలలో గుచ్చి నిలబడి ఉన్నాడు.

గుడిసెల దగ్గరికి చేరేసరికి పొద్దు వాలింది. పడవాయన భార్య మాకు చేపల పులుసు వండి పెట్టింది. తమ్ముడు తను మునగలేదని, నీళ్ళ మీద కూర్చున్నానని ఆమెకు చేతులు ఊపుతూ చెప్పాడు. చిన్నాయన నా పక్కన కూర్చుని, ముళ్ళు తీసిన చేప ముక్కలు నా పళ్ళెంలో వేశాడు. ఆయన కళ్ళు ఎర్రగా ఉన్నాయి. గుట్ట మేం చూడనే లేదు. మర్నాడు బస్సులో ఇంటికి వచ్చేశాం. బావి సంగతి జేజి ఇంట్లో చెప్తుందని నేను భయపడుతూనే ఉన్నాను. చెప్పలేదు. వారం పోయాక నన్ను పక్కన నిలబెట్టుకుని, నా చేతే నాయనకు చెప్పించింది. నాయన కొట్టలేదు. మరుసటి నెలలో బావి మెట్లకు తలుపు పెట్టించాడు.

నీళ్ళ భయం నాకు పోలేదు. యాభై దాటినా పోలేదు. నేను ఈత నేర్చుకోలేదు, నేర్చుకున్నానని చెప్పి ఈ కథను అందంగా ముగించలేను. ఇప్పటికీ షవర్ కింద నిలబడలేను, చెంబుతో మెల్లగా పోసుకుంటాను. జేజి పోయి చాలా ఏళ్ళయింది. ఆ రోజు ఒడ్డు వెంబడి నడుస్తూ నేను నేర్చుకున్నది, భయాన్ని ఎలా పోగొట్టుకోవాలో కాదు. ఎదుటి మనిషి భయం వినాలంటే ముందు మనది బయట పెట్టాలని. పెట్టి, పక్కన నడవాలని. ఆ తర్వాత ఆగాలని. నా పిల్లల దగ్గర, వాళ్ళ పరీక్షలప్పుడు, కాన్పులప్పుడు, ఆసుపత్రి బెంచీల మీద, నేను చేసింది అంతే. ఒక్కోసారి వాళ్ళు చెప్పారు, ఒక్కోసారి చెప్పలేదు.

ఈ మధ్య నంద్యాలలో మా అమ్మాయి ఇంట్లో మళ్ళీ పడవ మాట వచ్చింది. అల్లుడు విత్తనాల దుకాణంలో పని చేస్తాడు. ఆరడుగుల మనిషి, గొంతు కూడా అంతే పెద్దది. సెలవులకు పిల్లలిద్దరినీ పడవలో తిప్పాలని ఆయనకు సరదా. ఫోనులో చూసి పడవ మాట్లాడాడు, ఎక్కడ దిగాలి, ఏం తినాలి అన్నీ రాసుకున్నాడు. అన్నాల దగ్గర అందరూ ఉండగా నేను చెప్పాను. నాకు నీళ్ళంటే భయం, చిన్నప్పుడు ఒకసారి ఆ భయం దాచిపెట్టి తమ్ముణ్ణి చంపబోయాను, కాబట్టి ఈసారి ముందే చెప్తున్నాను, నేను పడవ నడుమ కూర్చుంటాను, తేలే చొక్కా లేనిదే ఎవరినీ ఎక్కనివ్వను అని. అల్లుడు పెద్దగా నవ్వాడు. ఎందుకంత భయం అత్తా, నేను లేనా అన్నాడు. పిల్లలు కూడా నవ్వారు. నేనూ నవ్వాను.

మర్నాడు పొద్దున్నే నేను వంటింట్లో పాలు పెట్టుకుని నిలబడి ఉంటే ఆయన వచ్చాడు. నీళ్ళు తాగాడు. గ్లాసు కడిగాడు. కడిగిన గ్లాసును మళ్ళీ కడిగాడు. ఇంట్లో ఇంకా ఎవరూ లేవలేదు.

"అత్తా" అన్నాడు, తలుపు వైపు ఒకసారి చూసి. "నాకూ ఈత రాదు. నీ కూతురికి గూడా చెప్పలే ఇంతవరకు. ఒకసారి కాలువలో..."

అని ఆగాడు. స్టవ్ మీద పాలు అంచుదాకా లేచాయి. చెయ్యి చాచితే అందేంత దగ్గర్లోనే ఉంది స్టవ్. నేను అటు తిరిగితే ఆయన మాట అక్కడే ఆగిపోతుందని నాకు తెలుసు. పాలు పొంగి, గట్టు మీదుగా కారి, నా కాళ్ళ దగ్గర నేలమీద పడుతున్నా, ఆయన ముఖం మీది నుంచి చూపు తిప్పకుండా, చెప్పు నాయనా అన్నాను.